మధుమేహ సేవా సంఘములు: వాని పుట్టుక, నిర్మాణము, పాలనము

మధుమేహము మన దేశమునకు క్రొత్తగా వచ్చిన వ్యాధి కాదు. చరక సుశ్రుత సంహితలు రెండును ప్రమేహములను వర్ణించుచు మధుమేహమును అందొక భేదముగా చెప్పినవి. రోగి మూత్రమునకు చీమలు చేరుట దాని గుర్తనియు, సుఖాసనము, అతినిద్ర, పెరుగు, బెల్లపు వంటకములు దానికి కారణములనియు ప్రాచీన వైద్యులు ఎరిగియుండిరి. వ్యాధి పాతదే. కాని ఆ వ్యాధిగ్రస్తులు ఒకచోట చేరి, చందాలు వేసికొని, నియమావళి వ్రాసికొని, కార్యవర్గమును ఎన్నుకొని, తమవంటి పేదలకు మందు అందునట్లు చూచుట మాత్రము క్రొత్త. ఆ ప్రయత్నమునకు ఇంచుమించు నూరు సంవత్సరముల చరిత్ర కలదు. దానిని యథాశక్తి పాఠకుల ముందుంచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము వైద్యులము కాము. మెట్రిక్కుతో మా చదువు ముగిసినది. ఉద్యోగ జీవితమంతయు గుమాస్తాగా ఫైళ్ళ నడుమ గడచినది. కావున ఏ మందు ఎవరికి మంచిదో చెప్పుటకు మాకు అధికారము లేదు. కాని సంఘములు ఎట్లు నిలుచునో, ఎట్లు కూలునో మినిట్సు పుస్తకములను, జమాఖర్చుల చిట్టాలను చూచినవారికి కొంత తెలియును. ఆ కొంతను ఆధారముగా చేసికొని ఇది వ్రాయుచున్నాము.

విషయము దూరపుదని పాఠకులు తలంపరాదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వేక్షణ ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప వద్ద నిలిచియున్నారు. ఉమ్రిలోను, ధర్మాబాదు, బిలోలి, దెగలూరు వైపునను తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో షుగరు మాట వినబడని ఇల్లు నేడు అరుదు. ఇంటికొక రోగి యున్న చోట రోగమును ఇంటింటి కష్టముగానే చూతుమా, లేక ఊరి కార్యముగా చూతుమా అను ప్రశ్న తప్పదు. ఇతర దేశములవారు, మన బొంబాయి పెద్దలు ఈ ప్రశ్నకు ఏమి సమాధానము చెప్పిరో చూతము.

మందు పుట్టుట, మందు అందుట

ఇన్సులిను రాక పూర్వము బాల్యమున మధుమేహము వచ్చిన బిడ్డ బ్రతుకుట దాదాపు లేదు. వైద్యులు ఆహారమును మిక్కిలి తగ్గించి మరణమును కొంత వెనుకకు నెట్టుట తప్ప వేరు దారి ఉండెడిది కాదు. 1921లో కెనడా దేశపు టొరంటో విశ్వవిద్యాలయమున బాంటింగు, బెస్టు అనువారు మెక్లియాడు ఆచార్యుని పరిశోధనాలయములో పని చేసి పశువుల క్లోమము నుండి మందును తీసిరి. కాలిప్ అను రసాయనికుడు దానిని శుద్ధిచేసెను. 1922 జనవరిలో లియొనార్డు థాంసన్ అను 14 ఏండ్ల బాలునకు దానిని ఎక్కించిరి. మొదటి సూది అంతగా పనిచేయలేదు. శుద్ధిచేసిన మందుతో కొద్ది దినముల పిమ్మట ఇచ్చిన సూది ఆ బాలుని బ్రతికించెను. 1923లో బాంటింగునకు, మెక్లియాడునకు నోబెలు బహుమానము లభించెను.

ఆ మందుపై హక్కును ఆ పరిశోధకులు విశ్వవిద్యాలయమునకు తలకొక్క డాలరునకే ఇచ్చివేసిరి. ప్రాణము నిలుపు మందుపై ఒకరు గుత్తాధిపత్యము చేయరాదని వారి తలంపు. అయినను ఈ ఉదారత వలన చిక్కంతయు తీరలేదు. హక్కు డాలరుకే వచ్చినను సీసా ఉచితముగా రాదు గదా! ఇన్సులిను ఒకసారి తీసికొని మానునట్టి మందు కాదు. జీవితాంతము ప్రతి దినము కావలెను. సూది, సిరంజి, మూత్రపరీక్ష, తగిన ఆహారము, నేర్పించు మనిషి, ఇవి యన్నియు కావలెను. మందు పుట్టుట ఒక ఎత్తు, పేదవాని ఇంటికి అది నెలనెల చేరుట మరియొక ఎత్తు. ఈ రెండవ కార్యము కొరకే సంఘములు పుట్టినవి.

లిస్బను, లండను

ఇట్టి సంఘములలో మొదటిది పోర్చుగలు దేశపు లిస్బను నగరమున 1926లో వెలసెను. ఎర్నెస్టో రోమా అను వైద్యుడు అమెరికాలో ఇన్సులిను వాడుకను చూచి వచ్చి, స్వదేశమున పేద రోగుల కొరకు సంఘమును స్థాపించెను. పేద మధుమేహుల రక్షణ సంఘమని అర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టిరి. పేరులోనే ఉద్దేశము కలదు. ధనికుడు తన మందు తాను కొనుక్కొనును. సంఘము కొనలేనివాని కొరకు.

లండను కథ కొంచెము విపులముగా చెప్పదగినది. రాబిన్ లారెన్సు అను యువ శస్త్రవైద్యునకు మధుమేహము సోకెను. ఇక బ్రతుకు కొద్దికాలమే యని తలచి, తన మరణము ఇంటివారు చూడకుండుట మేలని, ఆయన ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరమునకు పోయి అచ్చట వైద్యము చేసికొనుచుండెను. 1923లో ఇన్సులిను వచ్చినదని లండను మిత్రుని నుండి తంతి వచ్చెను. ఆయన ఎట్లో లండను చేరి బ్రతికెను. ఆ పిమ్మట కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో మధుమేహ వైద్యమునకే తన జీవితమును అర్పించి, 1968 వరకు జీవించెను. ఈ వైద్యుని రోగులలో హెచ్. జి. వెల్సు అను ప్రసిద్ధ నవలాకారుడు ఒకడు. ఆసుపత్రిలోని మధుమేహ విభాగమునకు ధనము కావలసి 1933లో వెల్సు ‘టైమ్స్’ పత్రికకు లేఖ వ్రాసి చందాలు కోరెను. మరుసటి సంవత్సరము, 1934లో, వీరిద్దరును కలసి ‘డయబెటిక్ అసోసియేషన్’ను స్థాపించిరి. రోగి యొక్క ఆర్థిక స్థితి ఎట్టిదైనను ఇన్సులిను అందవలెననుట వారి మొదటి సంకల్పము. 1954లో ఆ సంఘము ‘బ్రిటిష్ డయబెటిక్ అసోసియేషన్’ అనియు, 2000లో ‘డయబెటీస్ యూకే’ అనియు పేరు మార్చుకొనెను.

ఈ కథలో మన దృష్టి నాకర్షింపవలసిన సంగతి ఒకటి కలదు. స్థాపకులిద్దరును రోగులే. ఒకరు వైద్యుడైన రోగి, మరియొకరు వైద్యుడు కాని రోగి. అందువలన మొదటి దినము నుండియు ఆ సంఘములో రోగి చేయి చాచువాడుగా కాక సభ్యుడుగా నుండెను. చందా చెల్లించెను, ఓటు వేసెను, ప్రశ్న వేసెను.

1948లో బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవ వచ్చిన పిమ్మట ఇన్సులిను ప్రభుత్వమే ఇయ్యసాగెను. మొదటి సంకల్పము నెరవేరినది గనుక సంఘము మూతపడవలసినదని కొందరు తలంపవచ్చును. అట్లు జరుగలేదు. పరిశోధనకు ధనమిచ్చుట, రోగులకు శిక్షణ, పిల్లలకు విహార శిబిరములు, ఉద్యోగములలో రోగులకు జరుగు అన్యాయముపై వాదము, ప్రభుత్వము ఇచ్చు వైద్యము సరిగా నున్నదా లేదాయని కాచుకొని చూచుట, వీని యందు సంఘము నిమగ్నమయ్యెను. ప్రభుత్వము దాతయైనప్పుడు సంఘము కావలివాడు కావలెనను పాఠము ఇందు కలదు.

పెద్ద సంఘము లోపలి కట్టడము

ఇంతటి సంఘమును నడుపునది ఎవరు? ఇంగ్లండు పద్ధతి ఇట్టిది. డయబెటీస్ యూకే చట్టము దృష్టిలో వాటాలు లేని కంపెనీ. లాభమును పంచుకొనుటకు అందు వీలులేదు. దాని పైభాగమున ధర్మకర్తల మండలి యుండును. ధర్మకర్తలు జీతము లేనివారు. ఆస్తి వారి చేతిలో నున్నను అది వారిది కాదు. మండలి క్రింద ముఖ్యనిర్వహణాధికారి, ఆయన క్రింద జీతగాండ్రు పనిచేయుదురు. ఏ దారి పోవలెనో నిర్ణయించుట ధర్మకర్తల పని, ఆ దారిని నడుచుట ఉద్యోగుల పని. ఈ రెంటిని కలిపివేసిన చోట సంఘము చెడును. వైద్యవృత్తివారి సలహా వినుటకు ఒక మండలిని, రోగుల మాట వినుటకు వేరొక మండలిని వారు ఏర్పరచుకొనిరి. ఊళ్ళలోని స్వచ్ఛంద బృందములు కేంద్ర సంఘములో భాగములు. ఊరిలో వసూలైన ధనము చట్టప్రకారము కేంద్ర సంఘపు ధనమే. దానికి లెక్క చెప్పవలసినదే.

అమెరికా వారి దారి వేరు. అచ్చటి సంఘము 1940లో వైద్యుల సంఘముగా పుట్టెను. రోగులు, వారి బంధువులు వెలుపల నుండిరి. సుమారు 30 ఏండ్లు గడచిన పిమ్మట, 1970 ప్రాంతమున, అది తన నియమములను మార్చుకొని సామాన్యులను గూడ చేర్చుకొనెను. వైద్యులు మాత్రమే కూడిన సంఘము మంచి పత్రికను, మంచి సభలను నడుపగలదు. కాని చందా వసూలుచేయుటకు, శాసనసభ్యుని తలుపు తట్టుటకు, రోగి ఇంటి బాధను చెప్పుటకు సామాన్యుడు కావలెను.

దేశదేశముల సంఘములన్నియు కలసి 1950లో హాలెండు దేశపు ఆంస్టర్‌డాములో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యను స్థాపించుకొనినవి. లారెన్సే దానికి మొదటి అధ్యక్షుడు. నేడు 160కి పైగా దేశముల సంఘములు అందు సభ్యులు. ఇది సంఘముల సంఘము. ఇందు వ్యక్తికి గాక దేశపు సంఘమునకు ఓటు. ఈ సమాఖ్యయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు 1991 నుండి నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినముగా జరుపుచున్నవి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆ దినమును అంగీకరించెను. అది బాంటింగు పుట్టినరోజు. మన దేశమున అది నెహ్రూ జన్మదినము, బాలల దినోత్సవము కూడ అగుట వలన గుర్తుంచుకొనుట సులభము.

బొంబాయి సంఘము

మన దేశమున 1948లోనే మద్రాసు స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ మధుమేహమునకు ప్రత్యేక విభాగమును నడిపిరి. కాని సంఘ రూపమున దేశవ్యాప్తమగు ప్రయత్నము బొంబాయిలో మొదలయ్యెను. 1955లో అచ్చట ‘డయబెటిక్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా’ స్థాపితమయ్యెను. దాని సేవలో డాక్టర్ ఎస్. ఎస్. అజగావ్‌కర్, డాక్టర్ జె. సి. పటేల్ మొదలగు వైద్యులు పేరెన్నిక గన్నారు. ఆ సంఘము పత్రికను నడపెను. 1966లో ఉష్ణమండల దేశముల మధుమేహమును గూర్చి బొంబాయిలో జరిగిన మహాసభ ప్రసంగములు డాక్టర్ పటేల్, డాక్టర్ ఎన్. జి. తల్వల్కర్ల సంపాదకత్వమున గ్రంథముగా వెలువడినవి. దానిని ప్రకటించినదియు ఈ సంఘమే. ఇంగ్లండు వారి పుస్తకములలో రొట్టె, వెన్న, మాంసము గలవారి రోగమే వర్ణింపబడియుండెను. అన్నము, జొన్నరొట్టె తినువారి రోగమును గూర్చి మనవారే వ్రాసికొనవలసి వచ్చెను. ఆ పని బొంబాయి సంఘము పూనుకొనెను. మాహిములోని రహేజా ఆసుపత్రి ఈ సంఘమునకు సంబంధించినదే.

దీనితోపాటు వేరొక సంస్థను గూర్చి చెప్పవలెను. 1972లో మధుమేహ పరిశోధకుల సంఘము ఏర్పడెను. ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలోని ఆచార్య ఎం. ఎం. ఎస్. అహూజా దానికి మూలపురుషులలో ఒకరు. ఇది ముఖ్యముగా వైద్యుల, పరిశోధకుల సంఘము. రాష్ట్రములలో దానికి శాఖలు కలవు. 1976లో అంతర్జాతీయ సమాఖ్య మహాసభ ఢిల్లీలో జరిగెను. ఈ విధముగా మన దేశమున సేవా సంఘము ఒకటి, విద్వత్సంఘము ఒకటి వేరువేరుగా పెరిగినవి. రెండును అవసరమే. ఏది ఏ పనికో తెలియక విద్వత్సంఘము ఉచితముగా మందులిచ్చునని ఎదురుచూచువారు, సేవా సంఘము పరిశోధన చేయలేదని నిందించువారు మన మధ్య కలరు. వారి పొరపాటు తీరుటకే ఈ భేదమును చెప్పితిమి.

చట్టము వేసిన గట్టు

మన దేశమున ఇట్టి సంఘములకు రెండు చట్టములు పునాది. మొదటిది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము. ఏడుగురు వ్యక్తులు కూడి, ఉద్దేశపత్రముపై సంతకము చేసి, నియమావళితో రిజిస్ట్రారు వద్ద దాఖలు చేసిన సంఘము ఏర్పడును. ఎవరు సభ్యులు, చందా ఎంత, సర్వసభ్య సమావేశము ఎప్పుడు, కోరము ఎంత, కార్యవర్గ కాలము ఎన్ని సంవత్సరములు, బ్యాంకు చెక్కుపై ఎవరి సంతకములు, ఇవన్నియు నియమావళిలో నుండవలెను. ఈ చట్టమున ఒక ఉత్తమ నియమము కలదు. సంఘమును మూసివేయుటకు అయిదింట మూడు వంతుల సభ్యుల సమ్మతి కావలెను. మూసిన పిమ్మట అప్పులు పోను మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు. దానిని వేరొక సంఘమునకు ఇయ్యవలెను. ధర్మమునకు ఇచ్చిన రూకలు తిరిగి ఇంటికి రావను మన పెద్దల మాటనే చట్టము తన భాషలో చెప్పినది.

రెండవది 1950 నాటి బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టము. దీనికి ఇప్పుడు మహారాష్ట్ర పేరు వచ్చినది. ఈ రాష్ట్రమున ధర్మకార్యమునకు రిజిస్టరైన సొసైటీ పబ్లిక్ ట్రస్టు కూడ అగును. చారిటీ కమీషనరు దానిపై అధికారి. ప్రతి సంవత్సరము ఆడిటు జరుగవలెను. ధర్మకర్తలు మారినచో 90 దినములలో తెలుపవలెను. ముందుగా అనుమతి లేక స్థిరాస్తిని అమ్మరాదు. విదేశపు విరాళము వచ్చినచో దానికి వేరు చట్టము కలదు.

ఈ అధికారము కాగితముల వరకే యని తలంపరాదు. 2006లో బొంబాయి హైకోర్టు ఆమోదించిన పథకము ప్రకారము మహారాష్ట్రలోని ధర్మాదాయ ఆసుపత్రులు నూటికి 10 పడకలు నిరుపేదలకు ఉచితముగాను, మరి 10 పడకలు బలహీన వర్గములకు తగ్గింపు ధరపైనను ఇయ్యవలెను. బిల్లుల మొత్తములో నూటికి 2 వంతులు పేద రోగుల నిధిలో వేయవలెను. మన ప్రాంతము నుండి పూనాకో, ముంబయికో రోగిని తీసికొనిపోవువారిలో ఎందరికి ఈ సంగతి తెలియును? పరిపాలన నియమము ఎరుగని కుటుంబము పొలము తాకట్టు పెట్టును. ఎరిగిన కుటుంబము రేషను కార్డు, ఆదాయపు సర్టిఫికెటు వెంట తీసికొనిపోయి అడుగును.

ఢాకా వారి మార్గము

మనకు ఇంగ్లండు కంటె దగ్గర ఉదాహరణము ఢాకా. 1956 ఫిబ్రవరి 28న అచ్చట డాక్టర్ మహమ్మద్ ఇబ్రహీం కొందరు పెద్దలను కూర్చి మధుమేహ సంఘమును స్థాపించిరి. ఆనాడు అది తూర్పు పాకిస్తాను. చిన్న రేకుల షెడ్డులో కొద్దిమంది రోగులతో వైద్యము ఆరంభమయ్యెను. పేదవాడైనను ఏ మధుమేహ రోగియు వైద్యము లేక, తిండి లేక, పని లేక చావరాదనుట వారి సంకల్పము. నేడు బంగ్లాదేశములో ఆ సంఘము వారి బిర్డెమ్ ఆసుపత్రి జగత్ప్రసిద్ధము. జిల్లా జిల్లాకు అనుబంధ సంఘములు కలవు. అవి తమ ఊళ్ళ పెద్దల చేత నడుపబడుచు, కేంద్ర సంఘముతో ముడిపడియుండును.

వారి ధనమార్గము గమనింపదగినది. పేరు నమోదు చేసికొనిన రోగికి మూలవైద్యము ఉచితము. ఇతర సేవలకు శక్తి గలవారు చెల్లింతురు. ఆ ఆదాయము ఉచిత వైద్యమునకు పోవును. ప్రభుత్వము కొంత గ్రాంటు ఇచ్చును. ఒకే దాతపై ఆధారపడిన సంఘము ఆ దాతతోనే పోవును. మూడు కాళ్ళపై నిలిచినది ఒక కాలు సడలినను పడదు.

సంఘములు చెడు దారులు

మంచిని చెప్పి చెడును దాచుట చరిత్ర కాదు. ఒక ఊరి మందుల నిధి సంగతి మాకు తెలియును. ఊరి పేరు అవసరము లేదు. దయాళువైన ఒక వర్తకుడు దానిని ఆరంభించెను. దసరాకు, ఉగాదికి చందాలు బాగుగా వచ్చెడివి. ఇన్సులిను వాడు పేదలకు నెలనెల సీసాలు ఇచ్చెడివారు. కాని ఆ ధనము ఆయన సొంత ఖాతాలోనే యుండెను. రసీదు పుస్తకము కలదు గాని మినిట్సు పుస్తకము లేదు. ఆయన యెడల ఎవరికిని అనుమానము లేకుండెను. అనుమానింపదగిన మనిషియు కాడు. ఒకనాడు ఆయన హఠాత్తుగా మరణించెను. ఖాతా వారసుల పేర మారవలసియుండెను. వారసులలో తగవు వచ్చెను. ఏది నిధి ధనమో, ఏది దుకాణపు ధనమో తేల్చు కాగితము లేదు. నెలలు గడచినవి. ఆ నెలలలో సీసాలు రాలేదు. ఆ నిధిపై ఆధారపడినవారిలో బాల్యముననే మధుమేహము వచ్చిన ఆడపిల్ల ఒకతె యుండెను. ఆమె తండ్రి కూలివాడు. ఒక పూట సూది మానిపించి మరియొక పూట వేయించుచు వచ్చెను. చివరకు తెలివి తప్పిన స్థితిలో ఆమెను జిల్లా ఆసుపత్రికి చేర్చిరి. వైద్యులు బ్రతికించిరి. ఆ వర్తకుడు దొంగ కాడు, వారసులును దొంగలు కారు. దోషమంతయు ఒక పుస్తకము లేకపోవుటలో నున్నది.

ఇదిగాక ఇతర ప్రమాదములు కలవు. అధ్యక్ష పదవి జీవితాంతము ఒకరి వద్దనే యుండుట ఒకటి. తమవారినే సభ్యులుగా చేర్చుకొని క్రొత్తవారికి తలుపు మూయుట రెండవది. ధర్మకర్త తన దుకాణము నుండియే సంఘమునకు మందులు కొనిపించుట మూడవది. మందుల కంపెనీల విరాళము నాలుగవది. కంపెనీ ధనము తీసికొనరాదని మేము అనము. కాని ఎవరి వద్ద ఎంత తీసికొనిరో నివేదికలో అచ్చువేయవలెను. రోగికి ఏ మందు చెప్పవలెనను విషయమున ఆ దాతకు మాట యుండరాదు. పెద్ద దేశముల సంఘములకు గూడ ఈ చిక్కు తప్పలేదు. మహారాష్ట్రలో గణపతి మండలులు జమాఖర్చును బోర్డుపై వ్రాసి వీధిలో నిలుపుట మనము చూచినదే. దేవుని పందిరికి తగిన పద్ధతి మందుల నిధికి తగదా?

ఉమ్రి తెలుగువారికి

మన ఊరు ఒకప్పుడు హైదరాబాదు రాజ్యములోనిది. ఆ రాజ్యపు విమోచనోద్యమ చరిత్రలో 1948 జనవరి నాటి బ్యాంకు దాడి వలన ఉమ్రి పేరు నిలిచినది. 1956 నవంబరు 1న మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమున కలిసినది. 1960 మే 1న మహారాష్ట్రము ఏర్పడినది. మన తాతలు ఉర్దూలో అర్జీలు వ్రాసిరి. మన తండ్రులు మరాఠీ నేర్చిరి. మన పిల్లలు మరాఠీ, ఇంగ్లీషు బడులలో చదువుచున్నారు. ఇంట తెలుగు నిలిచినది. ఇది మనకు గర్వకారణమే. కాని ఆసుపత్రి చీటీ వద్దకు వచ్చునప్పటికి ఇదే చిక్కగును. రైలెక్కి నిజామాబాదుకో, హైదరాబాదుకో పోయినవారికి అచ్చట వైద్యుడు తెలుగున చెప్పును గాని మన రేషను కార్డు చెల్లదు. నాందేడు ప్రభుత్వ ఆసుపత్రిలో కార్డు చెల్లును గాని ముసలివారికి చెప్పిన మాట సగమే తెలియును.

ఇది చిన్న విషయము కాదు. మన దేశమున ఇన్సులిను రెండు బలములలో దొరకును. ఒక మిల్లీలీటరునకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది మరియొకటి. మొదటి దానికి ఎర్రమూత సిరంజి, రెండవ దానికి నారింజ మూత సిరంజి. సీసా ఒకటి, సిరంజి వేరొకటి అయినచో మోతాదు రెట్టింపు దాటిపోవచ్చును, లేదా సగము కంటె తక్కువ కావచ్చును. తగ్గినచో చక్కెర పెరుగును. పెరిగినచో రోగి చెమటలు పట్టి, తడబడి, తెలివి తప్పి పడిపోవును. మన వేసవిలో ఫ్రిజ్జు లేని ఇంట సీసాను ఎచ్చట ఉంచవలెను? తడి ఇసుకపై నుంచిన మట్టికుండలో చల్లగా ఉంచుట వైద్యులు చెప్పు ఉపాయమే. ఇట్టి మాటలు నాలుగు పుటల తెలుగు కాగితముపై పెద్ద అక్షరములతో అచ్చువేసి ఇంటింటికి ఇచ్చుటకు ఎంత ఖర్చగును? దానికి జాతీయ సంఘము రానక్కరలేదు. ఊరి సంఘము చాలును.

అందుచేత మన తెలుగు సంఘము ఒక చిన్న మధుమేహ సహాయక సమితిని ఏర్పరచిన బాగుండునని మా మనవి. ఆసుపత్రి కట్టనక్కరలేదు. ప్రభుత్వ వైద్యమునకు పోటీ పెట్టనక్కరలేదు. 2010 నుండి కేంద్ర ప్రభుత్వము నడుపు అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమము క్రింద ప్రభుత్వ కేంద్రములలో పరీక్షలు కలవు. వాని వద్దకు మనవారిని చేర్చుట, ముసలివారి వెంట మరాఠీ వచ్చిన యువకుని పంపుట, ప్రభుత్వపు మందు అందని నెలలో నిరుపేదకు సీసా కొనియిచ్చుట, ఈ మూడు పనులు చాలును. మరాఠీ ఇరుగుపొరుగువారిని గూడ కలుపుకొనవలెను. రోగమునకు భాషాభేదము లేదు.

నియమములు మాత్రము మొదటి దినముననే వ్రాయవలెను. సమితిలో సగము మంది రోగులో, రోగుల ఇంటివారో కావలెను. ఆడవారికి చోటుండవలెను. ఇంట వంటచేయునది, సూదివేయునది వారే గదా! కార్యదర్శి మూడు సంవత్సరములకు మించి ఉండరాదు. ధనము సంఘము పేర బ్యాంకులోనే యుండవలెను. చెక్కుపై రెండు సంతకములు కావలెను. ఆ రెండు ఒకే ఇంటివి కారాదు. చేతిలో రూకలు ఇయ్యక దుకాణమునకు చీటీ ఇయ్యవలెను. సహాయము పొందినవారి పేరు బయట పెట్టరాదు. పొందిన మొత్తము మాత్రము ప్రతి సంవత్సరము ఈ సంచికలోనే అచ్చుకావలెను. పేదవాని మానమును, దాత యొక్క నమ్మకమును ఒకేసారి కాపాడుటకు ఇంతకంటె మార్గము మాకు తోచలేదు.

లిస్బనులో ఒక వైద్యుడు, లండనులో ఇద్దరు రోగులు, ఢాకాలో ఒక రేకుల షెడ్డు, బొంబాయిలో కొందరు వైద్యులు, ఇట్లు మొదలైన పనులు నేడు లక్షలాది జనులకు ఆశ్రయమైనవి. వారి దయ గొప్పది. కాని దయ మనిషితో పోవును. దానిని పుస్తకమునకు ఎక్కించి, పదిమంది కండ్ల ముందుంచి, ఒకరి నుండి మరియొకరి చేతికి అప్పగించు ఏర్పాటు చేసినందుననే వారి అనంతరము గూడ సీసా నెలనెల పేదవాని ఇంటికి చేరుచున్నది. ఉమ్రి తెలుగు సోదర సోదరీమణులు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెత్తురని, తీర్మానమును మినిట్సు పుస్తకమున నమోదు చేయింతురని ఆశించుచున్నాము.